నీటిని నిలిపి యంత్రములను నడిపిన విశ్వేశ్వరయ్యగారు

క్రొత్త యంత్రము వచ్చిన నాడే పాత యంత్రము పాత ఇనుము క్రింద తూకమునకు పోవుట లోకములో వాడుక. మన గోదావరి జిల్లాలలో బియ్యపు మిల్లులను ఊక మండించు ఆవిరి బాయిలర్లు నడిపిన కాలము ఒకటి యుండెను. పిమ్మట చమురు ఇంజనులు వచ్చినవి. ఆ పిమ్మట విద్యుత్తు మోటార్లు వచ్చి ఆ రెండింటిని మూలకు నెట్టినవి. బాయిలరు కూతను బట్టి ప్రొద్దు తెలిసికొన్న తరమువారి ముచ్చట్లు మన ఇండ్లలో నేటికిని వినవచ్చుచునే యున్నవి. పాత యంత్రముల యెడ ఇట్టి మమకారము తప్పు కాదు. కాని ఆ యంత్రము దేనిని ఆధారము చేసికొని నడచినది, దాని ఆకలి తీర్చుటకు ఎవరెవరు ఎంత పాటుపడిరి అని విచారింపనిచో ఆ మమకారము ప్రొద్దుపోని ముచ్చటగానే మిగిలిపోవును.

ఈ విచారణకు తగిన జీవితము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది. వారు విద్యుద్యంత్రములను నిర్మించినవారు కారు. ఇతరులు తెచ్చి నిలిపిన యంత్రములు వేసవిలో నీరు చాలక కుంటుపడుచుండగా వానికి ఏడాది పొడవునా నీరు సమకూర్చినవారు. ఆ నీటితోనే పొలములను కూడ తడుపవచ్చునని లెక్కవేసి చూపినవారు. కావేరి ఒడ్డున వారు చేసిన ఆ పని గోదావరి ఒడ్డున దాళ్వా పండించు రైతునకు ఎట్లు సంబంధించినదో ఈ వ్యాసము చివర మనవి చేసెదము.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగువారు. గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము వారి స్వగ్రామము. అచ్చటినుండి ఆ కుటుంబము మైసూరు సంస్థానమునకు తరలిపోయెను. ఊరు విడిచినను ఊరి పేరు ఇంటి పేరుగా నిలిచిపోయినది. 1861 సెప్టెంబరు 15వ తేదీన, నాడు కోలారు జిల్లాలో చేరియున్న ముద్దేనహళ్లిలో వారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు కష్టముతో సాగినది. బెంగుళూరిలో ఇతరుల బిడ్డలకు పాఠములు చెప్పుచు, సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టము పొందిరి. మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనాకు వెళ్లి 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథములుగా నెగ్గిరి. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో ఉద్యోగము లభించెను.

బొంబాయి కొలువులో వారు నీటి మర్మమును ఆకళించుకొనిరి. సింధునదీ తీరమందలి సుక్కూరు పట్టణమునకు మంచినీటి సరఫరా ఏర్పాటు చేసిరి. 1906లో ఏడెను వెళ్లి ఆ ఎడారి రేవునకు నీరు, మురుగు కాలువలు సమకూర్చు పథకము వ్రాసి యిచ్చిరి. పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయములో నీటిమట్టము నిర్ణీతమైన ఎత్తునకు చేరినంతనే తమంత తామే తెరచుకొని, మట్టము తగ్గగానే తిరిగి మూసికొను తలుపులను అమర్చిరి. గట్టును పెంచకయే నీటి నిలువను పెంచిన ఉపాయమిది. 1903లో ఆ తలుపులకు పేటెంటు హక్కు పొందియు, ప్రభుత్వోద్యోగిగా చేసిన పనికి వేరుగా ప్రతిఫలము తీసికొనలేదు.

ఆ కాలముననే నీరా కాలువ క్రింద వారు ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతి మన రైతులకు సుబోధమే. కాలువ తలకట్టున ఉన్నవారు చెరకునకు నీరంతయు లాగికొనగా చివర పొలములు ఎండుచుండెను. విశ్వేశ్వరయ్యగారు ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ఏ బ్లాకునకు ఎప్పుడు ఎంత నీరు, ఏ పైరునకు ఎంత భూమి అని నియమించిరి. దాళ్వాలో మన శివారు భూములకు నీరందించుటకై వంతులవారీ పెట్టుచున్నాము గదా! ఉన్న నీటిని లెక్కించి, అందరికిని పంచి, ఆ లెక్కను ముందుగా అందరికిని తెలుపుట అనెడి ధర్మమే రెండింటికిని మూలము.

1908లో ఉద్యోగమునుండి విరమించుకొని విదేశములలో పర్యటించుచు ఇటలీలో నుండగా నిజాము ప్రభుత్వమునుండి వారికి పిలుపు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినది. వేలకొలది ప్రజలు మృతిచెందిరి. 1909లో విశ్వేశ్వరయ్యగారు వచ్చి, మూసీ, ఈసీ నదులు రెండింటిమీదను నగరమునకు ఎగువన జలాశయములు కట్టవలెనని సలహా చెప్పిరి. ఆ ప్రకారము 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. వరదను అడ్డుకొన్న నీరే నగరమునకు త్రాగునీరయ్యెను. ఒకే కట్టతో రెండు ప్రయోజనములు సాధించు ఈ ఆలోచన వారిని మైసూరునకు కూడ వెంబడించినది.

ఇక శివసముద్రపు యంత్రముల కథ. అది వారికంటె ముందే ప్రారంభమైనది. మైసూరు దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున, కోలారు బంగారు గనులు కట్టెలు, బొగ్గు మండించు ఆవిరి యంత్రములమీద నడచుచుండెను. ఆ గనులలో తమిళ కార్మికులతోపాటు తెలుగు కార్మికులు కూడ పెక్కురు పనిచేయుచుండిరి. కావేరి రెండు పాయలుగా చీలి దుముకు శివసముద్రమువద్ద విద్యుత్తు పుట్టించి, తీగెలమీద కోలారునకు పంపవచ్చునని ప్రభుత్వపు ఇంజనీరు జోలీ ద లోబినియేర్ సూచించెను. ఇంతటి దూరమునకు విద్యుత్తును పంపుట ప్రపంచమునకే క్రొత్త. ఆయన అమెరికా వెళ్లి నయాగరా మొదలైన కేంద్రములను చూచి వచ్చిన పిమ్మట పని ప్రారంభమయ్యెను. నీటి వేగముతో తిరుగు టర్బైనులు స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ కర్మాగారమునుండియు, ఆ తిరుగుడును విద్యుత్తుగా మార్చు జెనరేటర్లు అమెరికాలోని జెనరల్ ఎలక్ట్రిక్ కంపెనీనుండియు వచ్చినవి. దారి సరిగా లేని ఆ కొండలలోనికి వానిని ఏనుగులతోను, బండ్లతోను చేర్చిరి.

1902 జూన్ 30వ తేదీన శివసముద్రపు విద్యుత్తు కోలారు గనులకు చేరినది. దూరము 92 మైళ్లు. అనగా రాజమహేంద్రవరమునుండి విజయవాడకు ఎంతయో ఇంచుమించు అంత. యంత్రములు 6, ఒక్కొక్కటి 720 కిలోవాట్లు, మొత్తము 4,320 కిలోవాట్లు. తీగెలలో పీడనము 35,000 వోల్టులు. దూరమునకు పంపునప్పుడు పీడనమును ఎంత పెంచిన తీగెలలో పోవు నష్టము అంత తగ్గును. అందువలననే ఆ కాలమున సాహసమనిపించిన ఆ పీడనమును ఎంచుకొనిరి. ఈ పథకమునకు ప్రాణము పోసిన శేషాద్రి అయ్యరుగారు మాత్రము ఆ దినమును చూడలేదు. 1901 సెప్టెంబరులోనే గతించిరి. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినవి.

యంత్రములు మంచివే, తీగెలు మంచివే. లోపము నీటియందుండెను. కావేరి వర్షకాలమున పొంగి పారును, వేసవిలో సన్నబడును. నదికి అడ్డముగా నిలువ లేదు. వచ్చిన నీటిని మళ్లించుకొనుటయే గాని దాచుకొనుట లేదు. గనులకు వేసవి యనియు, వర్షకాలమనియు భేదము లేదు గదా! భూగర్భములో పనిచేయువారికి గాలి పంపు యంత్రము, ఊటనీటిని తోడు యంత్రము ఒక్క దినమైనను ఆగరాదు. గనుల యజమానులు ఇంకను ఎక్కువ విద్యుత్తు కావలెనని కోరుచుండిరి. కాని నది యొప్పుకొననిదే ఎన్ని యంత్రములు పెట్టినను ఏమి లాభము?

1909 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరు చీఫ్ ఇంజనీరు పదవి స్వీకరించినప్పుడు వారి యెదుట నిలిచిన సమస్య ఇదియే. శివసముద్రమునకు ఎగువన, మైసూరు చెంత కన్నంబాడివద్ద కావేరికి గొప్ప ఆనకట్ట కట్టి నీరు నిలువచేయవలెనని వారు పథకము సిద్ధపరచిరి. అంచనా రెండున్నర కోట్ల రూపాయలు. ఒక సంస్థానమునకు అది భయము గొలుపు మొత్తమే. అంత ధనమును కేవలము సేద్యమునకై నీటిలో పోసిన తిరిగి వచ్చునా యని ఖజానా చూచువారు సందేహించిరి. విశ్వేశ్వరయ్యగారు లెక్కలతో సమాధానము చెప్పిరి. జలాశయమువలన శివసముద్రమున విద్యుత్తు వేసవిలో కూడ తగ్గదు. గనులు దానికి ధర చెల్లించును. కాలువలు త్రవ్వి పొలములు సాగులోనికి వచ్చులోపల విద్యుత్తుమీది రాబడియే కట్టడపు భారమును మోయును. యంత్రము పొలమును మోసి, పిమ్మట పొలము రాజ్యమును మోయునని దాని సారాంశము. మహారాజు కృష్ణరాజ ఒడయరుగారు 1911లో అనుమతించిరి. ఆ యేడే పని ప్రారంభమయ్యెను.

ఆటంకములు తక్కువ కావు. దిగువనున్న మద్రాసు ప్రభుత్వము, తంజావూరు రైతుల నీటికి ముప్పు కలుగునని ఆక్షేపించినది. ఆ భయము అకారణమని త్రోసివేయుట డెల్టా వాసులమైన మనకు తగదు. మనమును నదికి చివర నున్నవారమే. తక్కువ ఎత్తు కట్టడమునకే ముందుగా ఒప్పుదల లభించినను, భవిష్యత్తులో ఎత్తు పెంచుటకు తగిన వెడల్పుతో విశ్వేశ్వరయ్యగారు పునాదులు వేయించిరి. వివాదము 1914లో మధ్యవర్తి గ్రిఫిన్ తీర్పునకు పోయి, తుదకు 1924 ఒప్పందముతో ఒక కొలిక్కి వచ్చినది. సిమెంటు దుర్లభమైన ఆ రోజులలో సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీతో రాతికట్టడము సాగినది. వేలకొలది కూలీలు చలిజ్వరములకు, వరదలకు ఓర్చి పనిచేసిరి. కన్నంబాడి గ్రామము నీట మునిగినది. తరతరముల ఇండ్లు వాకిండ్లు వదలి జనులు లేచిపోయిరి. దీపపు వెలుగును పొగడునప్పుడు దానికై చీకటి పాలైన గడపలను మరువరాదు.

కృష్ణరాజసాగరమను ఆ జలాశయము పూర్తియగుటకు రెండు దశాబ్దములు పట్టినది. నిలువ సుమారు 49 టి.ఎం.సీ.లు. దాని కాలువ క్రింద మండ్య ప్రాంతమున లక్షకు పైబడిన ఎకరములు సాగులోనికి వచ్చి, ఎండిన నేల వరి, చెరకు పొలమైనది. శివసముద్రపు కేంద్రము క్రమముగా పెరిగి 42 మెగావాట్ల సామర్థ్యమునకు చేరెను. ఏ గనులకొరకు అది పుట్టినదో ఆ కోలారు గనులు 2001లో మూతపడినవి. ఆ కేంద్రము మాత్రము గనుల తరువాత కూడ విద్యుత్తు నిచ్చుచునే యుండెను. గని తరుగును, నిలిపిన నీరు ఏటేట నిండును.

తొలినాటి యంత్రములు మూలపడుటకు అరుగుదల యొక్కటియే కారణము కాదు. వాని విద్యుత్ప్రవాహము సెకండునకు 25 ఆవృత్తులు గలది. దేశమంతట 50 ఆవృత్తుల పద్ధతి స్థిరపడుటతో, చక్కగా తిరుగుచున్నను అవి తక్కిన వానితో కలియలేక వేరుబడినవి. ఊరందరి తూకములు మారిన పిదప పాత మానిక, పాత వీశె ఎంత సరియైనవైనను అంగడిలో చెల్లవు గదా! పనికిరాకపోవుట వేరు, చెడిపోవుట వేరు అని ఆ యంత్రములు మనకు బోధించుచున్నవి.

1912 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివాను అయిరి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వారి హయామున నెలకొనినవి. చందన తైలము, సబ్బు పరిశ్రమలకు బీజము పడినది. ఉద్యోగములలో వెనుకబడిన తరగతులకు ప్రత్యేక స్థానము కల్పించు విషయమున మహారాజుతో వారికి అభిప్రాయభేదము కలిగెను. 1918 చివర దివాన్గిరీ విడిచిరి. ఈ విషయమున కాలము మహారాజు పక్షమునే నిలిచినదని చెప్పుట న్యాయము. నీటిని తలకట్టునుండి శివారు వరకు సమముగా పంచవలెనని నియమించిన మహానుభావుడు విద్యోద్యోగముల పంపకమున ఆ సూత్రమును అన్వయింపకపోవుట చింతింపదగినది. గొప్పవారి జీవితమును వ్రాయునప్పుడు దీనిని దాచిపెట్టుట వారికి గౌరవము కాదు.

పదవి విడిచినను పని విడువలేదు. 1923లో నడక మొదలిడి నష్టములలో చిక్కిన భద్రావతి ఇనుప కర్మాగారమునకు అధ్యక్షులై 1929 వరకు దానిని నిలబెట్టిరి. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావలెనని గ్రంథము వ్రాసిరి. స్వాతంత్ర్యోద్యమమున దిగలేదు, రాట్నముకంటె కర్మాగారమునందే వారికి నమ్మకము హెచ్చు. అయినను యంత్రములను కొనుటతో తృప్తిపడక వానిని చేయుట నేర్చుకొనవలెనని జీవితాంతము చెప్పిరి. శివసముద్రమున మన నీరు తిప్పిన చక్రములన్నియు పరదేశపు చక్రములే గదా! 1955లో భారతరత్న బిరుదము పొంది, నూరేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిలులో స్వర్గస్థులైరి. వారి జన్మదినమే నేడు దేశమున ఇంజనీర్ల దినము.

ఇప్పుడు మన గోదావరికి వత్తము. కాటను దొర 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ఆనకట్ట, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నిలిచి, కరవు నేలను అన్నపూర్ణను చేసినది. కాని అది నీటిని మళ్లించునదే గాని నిలువచేయునది కాదు. దాని స్థానమున 1982లో పూర్తియైన కాటన్ బ్యారేజి నిలువ కూడ సుమారు 3 టి.ఎం.సీ.లు మాత్రమే. కృష్ణరాజసాగరములో పదునారవ పాలు! సార్వాకు నది తానే ఇచ్చును. దాళ్వాకు ఎవరిచ్చుచున్నారు?

సీలేరు ఇచ్చుచున్నది. 1955లో మాచ్‌ఖండ్ కేంద్రము ప్రారంభమైనప్పుడు, అంతవరకు విశాఖ, బెజవాడల బొగ్గు కేంద్రముల పరిధిలోనున్న ఉత్తర కోస్తాకు కొండలనుండి జలవిద్యుత్తు దిగివచ్చెను. జలపుట్ జలాశయములో నిలిచిన నీరు డుడుమ జలపాతమువద్ద యంత్రములను తిప్పి, దిగువన సీలేరు అను పేర ప్రవహించును. బలిమెలవద్ద ఆంధ్ర, ఒడిస్సా రాష్ట్రములు ఆ నీటిని పంచుకొనును. మన వాటా ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెము కేంద్రములలో మరల మరల యంత్రములను తిప్పి, శబరిలో కలిసి, కూనవరమువద్ద గోదావరిని చేరి, ధవళేశ్వరమునకు వచ్చును. మోతుగూడెపు దిగువ సీలేరు కేంద్రము ఒక్కటే 460 మెగావాట్లు. తొలినాటి శివసముద్రమునకు నూరు రెట్లకు పైన. నది వట్టిపోయిన వేసవిలో మన చేలకు దిగు నీరు ఇట్లు కొండలమీద దీపములు వెలిగించి వచ్చిన నీరే.

చిక్కు ఇచ్చటనే యున్నది. విద్యుత్తు శాఖ ఆ నీటిని గిరాకి హెచ్చిన వేళకై దాచుకొనదలచును. పొట్ట దశలోనున్న వరికి నేడే తడి కావలెను. కన్నంబాడి పథకమున విశ్వేశ్వరయ్యగారు ఒక నీటికే రెండు పద్దులు వ్రాసి, రెండును ముందుగా వెల్లడించి, ఒకదానితో మరొకదానిని పోషించిరి. మనకును అదియే కావలసినది. సీలేరు జలాశయములలో దాళ్వా వాటా ఎంత, ఏ నెలలో ఎంత విడుతురు అను లెక్కను, నారు పోయుటకు ముందే రెండు శాఖలును కలిసి ప్రకటింపవలెను. పైరు ఎండిన పిదప వ్రాయు అర్జీలు నీరు కావు.

పాత యంత్రముల మాట కూడ చెప్పి ముగించెదము. మాచ్‌ఖండ్ తొలి యంత్రములు ఆరు దశాబ్దములకు పైగా తిరిగినవి. వానిని తీసివేయవలసిన నాడు అన్నింటిని తూకమునకు పంపక, ఒక్కదానినైనను దాని చక్రముతో, పేరు పలకతో, దినదిన లెక్కల పుస్తకములతో ధవళేశ్వరమునకు తెచ్చి, కాటను దొర పేరిటనున్న ప్రదర్శనశాల చెంత నిలుపవలెను. దాని ప్రక్కనే జలపుట్ నీటిలో మునిగిన ఊళ్ల పేర్లను కూడ వ్రాయించవలెను. మన పిల్లలు దానిని చూచి, తమ ఇంటి దీపమును, తమ చేని తడిని ఏ నీరు తెచ్చినదో, దానికై ఎవరు ఇల్లు విడిచిరో అడిగి తెలిసికొందురు. ఆ పనికి పెద్ద ధనము అక్కరలేదు. పాత ఇనుము తూకము వేయువాడు రాకముందే ఉత్తరువు వ్రాయించుకొన్న చాలును.